మారిషస్ రవాణా పటం తెలుగులో గీసుకుందాం: మార్చుకోగలిగే వెక్టర్ మ్యాపుకి సమగ్ర మార్గదర్శి

2020 జనవరిలో మారిషస్ మెట్రో ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు మీద ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టినప్పుడు, అది రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి రోజ్ హిల్ దాకానే నడిచేది. 2021లో కాత్ర్ బోర్న్ చేరింది. 2022లో ముందు ఫీనిక్స్ చేరి, తర్వాత వాకోవా దాటి ఆ ఏడాది అక్టోబరుకల్లా క్యూర్‌పీప్ వెళ్లింది. 2023 జనవరిలో రోజ్ హిల్ దగ్గర చీలి ఎబేన్ మీదుగా రెద్వీకి ఒక కొమ్మ వేసింది. మూడేళ్లలో నాలుగుసార్లు పెరిగిన గీత ఇది. 2020లో ఎవరైనా శ్రద్ధగా మ్యాపు గీసి జేపెగ్ బొమ్మగా దాచుకుని ఉంటే, ఆ శ్రద్ధంతా నాలుగుసార్లు చెత్తబుట్టలో పడినట్టే.

అందుకే వెక్టర్ మ్యాపు. వెక్టర్‌లో గీత గీతగానే ఉంటుంది, చుక్కల ముద్దగా మారదు. కొస పట్టుకుని లాగితే పొడుగవుతుంది, రంగు మార్చమంటే మారుతుంది. కానీ ఫైలు పేరు చివర ఎస్‌వీజీ (వెక్టర్ బొమ్మల ఫైలు రకం) అని ఉన్నంత మాత్రాన అది మార్చుకోగలిగే మ్యాపు అయిపోదు. ఇంటర్నెట్‌లో దొరికే చాలా ఎస్‌వీజీ మ్యాపులు తెరిస్తే ఒకే లేయరులో (పొరలో) పదివేల ముక్కలు, పేర్లు అక్షరాలుగా కాక ఆకారాలుగా, రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియని గందరగోళం. అలాంటిదాన్ని సరిదిద్దే బదులు కొత్తది గీసుకోవడమే సులువు.

నాకు ఈ పని పడింది మా మేనత్త వల్ల. ఉగాదికి దేశమంతా సెలవిచ్చే ద్వీపం ఒకటుందని విన్నప్పటి నుంచి ఆవిడకి మారిషస్ చూడాలని కోరిక. తెలుగు తప్ప చదవలేదు. "మన కోరంగి రేవు నుంచి వెళ్లినవాళ్లు దిగిన చోటు ఎక్కడుందో నాకు కాగితం మీద చూపించరా" అంది. ఆ ఒక్క కాగితం కోసం నేర్చుకున్నవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. కావలసిన సాఫ్ట్‌వేర్ రెండే, రెండూ ఉచితం: భౌగోళిక సమాచారం సర్దడానికి క్యూజీఐఎస్, గీయడానికి ఇంక్‌స్కేప్. ఇల్లస్ట్రేటర్ ఉన్నవాళ్లు అందులోనే చేసుకోవచ్చు, సూత్రాలు అవే.

మొదటి అడుగు: కాగితం, స్కేలు

కంప్యూటరు తెరవక ముందు లెక్క వేయండి. మారిషస్ ప్రధాన ద్వీపం ఉత్తర దక్షిణాలుగా సుమారు 65 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా సుమారు 45. 1:200000 స్కేలులో కాగితం మీది ఒక మిల్లీమీటరు నేల మీద 200 మీటర్లు. అంటే ద్వీపం 325 మి.మీ. ఎత్తు, 225 మి.మీ. వెడల్పు వస్తుంది. నిలువు ఏ3 కాగితం (297 × 420) మీద హాయిగా కూర్చుని, పక్కన ఓ పట్టీ, కింద కొంత ఖాళీ మిగులుతాయి. ఏ4 చాలనుకుంటే 1:300000 పెట్టుకోండి, ద్వీపం 217 × 150 మి.మీ. అవుతుంది. గుండ్రని సంఖ్యలకే కట్టుబడండి. 1:187450 లాంటి స్కేలు పెట్టుకుంటే రేపు చేత్తో దూరం కొలవాలన్నప్పుడు మీకే తలనొప్పి.

ఈ లెక్కలోనే ఇంకో నిజం బయటపడుతుంది. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ దాకా మెట్రో దారి సుమారు 26 కిలోమీటర్లు, కాగితం మీద 13 సెంటీమీటర్లు. అందులో ఇరవై దాకా స్టేషన్లు. ఒక్కో పేరుకి ఆరేడు మిల్లీమీటర్లకి మించి చోటు రాదు. "రోజ్ హిల్ సెంట్రల్" అని తెలుగులో వత్తులు తెగకుండా రాయాలంటే ఆ చోటు చాలదు. కాబట్టి మెట్రోకి ప్రధాన పటంలో గీత, ముఖ్యమైన నాలుగైదు స్టేషన్లు మాత్రమే. స్టేషన్ల పూర్తి వరస పక్క పట్టీలో, స్కేలుతో పని లేని నిలువు గీతగా. ఒక్కో స్టేషనుకి 10 మి.మీ. ఇచ్చినా 200 మి.మీ.లో సరిపోతుంది. ఈ నిర్ణయం ముందే తీసుకోకపోతే సగం పనయ్యాక మ్యాపంతా పేర్ల పొదలా తయారవుతుంది.

రెండో అడుగు: ప్రొజెక్షన్

గుండ్రటి భూమిని చదును చేసే పద్ధతే ప్రొజెక్షన్. చిన్న ద్వీపానికి యూటీఎం అనే ప్రొజెక్షన్ చాలు. ఇక్కడే ద్వీపదేశాలు పెట్టే చిక్కు ఉంది. యూటీఎం భూమిని 6 డిగ్రీల పట్టీలుగా కోస్తుంది, ఒక్కో పట్టీ ఒక జోన్. మారిషస్ 57.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, అంటే 40వ దక్షిణ జోన్‌లో ఉంది. క్యూజీఐఎస్‌లో దాన్ని ఎంచుకునే సంఖ్య ఈపీఎస్‌జీ 32740 (ప్రొజెక్షన్లకిచ్చే గుర్తింపు సంఖ్యని ఈపీఎస్‌జీ అంటారు). అదే దేశానికి చెందిన రోడ్రిగ్స్ ద్వీపం 63.4 డిగ్రీల దగ్గర, 41వ జోన్‌లో ఉంది, సంఖ్య 32741. రెండింటినీ 40వ జోన్‌లోనే గీస్తే రోడ్రిగ్స్ సుమారు 2 డిగ్రీలు పక్కకు ఒరుగుతుంది. కంటికి పెద్దగా తెలియదు గానీ, దాని పెట్టెలో ఉత్తరం బాణం నిలువుగా పెడితే అది అబద్ధం అవుతుంది. అందుకని రెండు ద్వీపాలకీ రెండు క్యూజీఐఎస్ ప్రాజెక్టులు, దేని జోన్ దానికి.

స్థానిక సర్వే గ్రిడ్ ఒకటుంది. లె పూస్ అనే కొండ పేరు మీద "లె పూస్ 1934" అంటారు, ఈపీఎస్‌జీ 3337. అక్కడి ప్రభుత్వ పటాల మీద మీ గీతల్ని సరిపోల్చాలంటే తప్ప దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

ఎట్టి పరిస్థితుల్లోనూ వెబ్ మ్యాపుల ప్రొజెక్షన్ (3857) వాడకండి. 20 డిగ్రీల అక్షాంశం దగ్గర అది దూరాల్ని ఆరు శాతానికి పైగా సాగదీస్తుంది. స్కేలు పట్టీ గీసి ఏం లాభం, కొలత తప్పైనప్పుడు?

మూడో అడుగు: సమాచారం దించుకోవడం

అందరూ కలిసి గీసే ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉండగా ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు. క్యూజీఐఎస్‌లో క్విక్‌ఓఎస్ఎం అనే ప్లగిన్ వేసుకుని, కావలసినవి ఒక్కొక్కటిగా అడగండి. దేశమంతా ఒకేసారి దించుకోవాలనే ఆశ వద్దు. గీయబోయేది ఏమిటో అదే తెచ్చుకోండి.

అందులో ప్రతి వస్తువుకీ "కీ" (ఏ కోవది), "వాల్యూ" (ఆ కోవలో ఏది) అని రెండు గుర్తులుంటాయి. తీరరేఖకి "నేచురల్" కీ, "కోస్ట్‌లైన్" వాల్యూ. ద్వీపం చుట్టూ పగడపు దిబ్బల కోసం అదే కీకి "రీఫ్". రోడ్లకి "హైవే" కీ కింద మోటర్‌వే, ట్రంక్, ప్రైమరీ, సెకండరీ. ఈ స్కేలులో అంతకన్నా కిందికి దిగొద్దు. మెట్రోకి "రైల్వే" కీ కింద లైట్‌రైల్, ట్రామ్ రెండూ అడగండి, మ్యాపర్లు ఏది ఎంచుకున్నారో ముందే పందెం కాయలేం. బస్ స్టేషన్లకి "ఎమినిటీ" కీ, విమానాశ్రయాలకి "ఏరోవే". జిల్లా సరిహద్దులు కావాలంటే "బౌండరీ". ప్రధాన ద్వీపంలో తొమ్మిది జిల్లాలున్నాయి. రవాణా పటానికి అవి సన్నటి చుక్కల గీతకి మించి అక్కర్లేదు.

పాత రైలు గురించి ఒక్క మాట. మారిషస్‌కి రైలు కొత్త కాదు. 1864లో ఉత్తర మార్గం, మరుసటి ఏడాది ద్వీపం మధ్యగా మాయెబూర్ వెళ్లే మార్గం మొదలయ్యాయి. చెరకు, మనుషులు కలిసి ప్రయాణించారు. 1956లో ప్రయాణికుల బండ్లు ఆగాయి, 1964లో సరకు బండ్లు కూడా. ఇప్పటి మెట్రో చాలా మేరకు ఆ పాత మధ్య మార్గపు బాటలోనే వెళ్తోంది. అందుకే "రైల్వే" కీకి "అబాండన్డ్" అని అడిగి, వచ్చిన ముక్కల్ని ఒక వేరే లేయరులో పెట్టి, దాని పక్కనున్న కన్ను గుర్తు నొక్కి మూసేశాను. అచ్చు మ్యాపులో కనిపించదు. అడిగినవాళ్లకి మాత్రం ఆ లేయరు కన్ను తెరిచి చూపిస్తే ముఖాలు వెలుగుతాయి.

దించుకున్న ప్రతిదాన్నీ ఒకే జియోప్యాకేజ్ (చాలా లేయర్లని కలిపి దాచే ఫైలు రకం) ఫైలులో దాచండి. ఫైలు పేరులో తేదీ పెట్టండి. ఆరు నెలల తర్వాత "ఈ రోడ్డు ఎందుకు లేదు" అని ఎవరైనా అడిగితే జవాబు ఆ తేదీలోనే ఉంటుంది.

నాలుగో అడుగు: శుభ్రం చేయడం

అసలు కష్టమంతా ఇక్కడే. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఇంక్‌స్కేప్‌కి పోతారు, తర్వాత ఏడుస్తారు.

ముందుగా అన్ని లేయర్లనీ మీ యూటీఎం జోన్‌లోకి మార్చండి ("రీప్రొజెక్ట్"). తీరరేఖ ముక్కలుగా వస్తుంది కాబట్టి "పాలిగొనైజ్" పనిముట్టుతో మూసిన ఆకారంగా మార్చండి. అప్పుడే భూమికి ఒక రంగు, సముద్రానికి ఒక రంగు నింపగలరు. ఎక్కడైనా మూసుకోకపోతే ఏదో ఒక ముక్క దిగలేదన్నమాట.

తర్వాత రోడ్లు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక్క ఎం1 రహదారే వందల తునకలు: వంతెన వచ్చిన చోట ఒక తునక, వేగపరిమితి మారితే ఇంకొకటి, వరసలు పెరిగితే మరొకటి. పైగా విడి బాటల రహదారి కాబట్టి రానూపోనూ రెండు గీతలు. 1:200000లో ఆ రెండు గీతల మధ్య దూరం పదో వంతు మిల్లీమీటరు. ఒక వైపు గీతని ఉంచి రెండోదాన్ని తీసేయండి. తునకల్ని రోడ్డు సంఖ్య ఆధారంగా "డిజాల్వ్" చేసి (ఒకటిగా కలిపి), కొసలు అతకడానికి "మర్జ్ లైన్స్" నడపండి. విమానాశ్రయం వైపు నుంచి ఫీనిక్స్ మీదుగా పోర్ట్ లూయిస్ వచ్చే ఎం1 ఒకే గీత కావాలి. పోర్ట్ లూయిస్ నుంచి ఉత్తరాన గ్రాన్ బే వైపు పోయే ఎం2 ఒకే గీత కావాలి. రేపు ఎం1 రంగు మార్చాలంటే ఒక్క క్లిక్కు చాలాలి. రెండు వందల క్లిక్కులు పడుతుంటే అది మార్చుకోగలిగే మ్యాపు కాదు.

ఇక గీతల్ని సరళం చేయడం. ఎంత చేయాలి? దీనికీ లెక్కే ఉంది. కాగితం మీద 0.2 మి.మీ. కన్నా చిన్న వంపు కంటికి ఆనదు. 1:200000లో అది 40 మీటర్లు. కాబట్టి "సింప్లిఫై" పనిముట్టులో 30 నుంచి 40 మీటర్ల హద్దు పెట్టండి. తీరరేఖ బరువు ఎంతగా తగ్గుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు, చూపుకి మాత్రం తేడా ఉండదు. ఒక హెచ్చరిక: జిల్లా సరిహద్దుల్ని, తీరాన్ని విడివిడిగా సరళం చేస్తే రెండూ ఒకదానికొకటి అతకవు, మధ్యలో సందులు పడతాయి. జిల్లాల్ని ముందు భూమి ఆకారంతో కత్తిరించి, మ్యాప్‌షేపర్ లాంటి పనిముట్టులో వేయండి. అది ఉమ్మడి సరిహద్దుని ఒకే గీతగా చూస్తుంది కాబట్టి సందులు రావు.

రోడ్లని మాత్రం కొంచెం తక్కువ సరళం చేయండి. కొండ దారుల మెలికలు పోతే రోడ్డు నదిలోంచి వెళ్తున్నట్టు కనిపిస్తుంది.

అయిదో అడుగు: ఎస్‌వీజీగా ఎగుమతి

క్యూజీఐఎస్ లేఅవుట్‌లో ఏ3 కాగితం పెట్టి, మ్యాపు పెట్టెకి స్కేలు 200000 అని చేత్తో టైపు చేయండి. ఎగుమతి చేసేటప్పుడు "మ్యాపు లేయర్లను ఎస్‌వీజీ గ్రూపులుగా" అనే గడిలో టిక్కు పెట్టడం మరవద్దు. అది లేకపోతే ఇంతసేపు సర్దిన వరసంతా ఒకే గంపలో కలిసిపోతుంది. పాఠ్యాన్ని "టెక్స్ట్ ఆబ్జెక్టులుగా" ఎగుమతి చేయమనండి, ఆకారాలుగా వద్దు.

క్యూజీఐఎస్‌లో రంగుల సోకులు చేయకండి. ముఖ్యంగా లేయరు మొత్తానికి పారదర్శకత పెడితే ఎగుమతిలో అది వెక్టర్‌గా కాక చుక్కల బొమ్మగా మారి వస్తుంది. సన్నటి నల్ల గీతలుగా పంపండి, అలంకారం ఇంక్‌స్కేప్‌లో చూసుకుందాం.

ఆరో అడుగు: ఇంక్‌స్కేప్‌లో లేయర్ల వరస

ఫైలు తెరవగానే రంగులు వేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ముందు కంట్రోల్-షిఫ్ట్-ఎల్ నొక్కి లేయర్లు చూడండి. నా వరస కింది నుంచి పైకి ఇలా ఉంటుంది: సముద్రం, లగూన్ (పగడపు దిబ్బలకీ తీరానికీ మధ్య నీళ్లు), భూమి, జిల్లాలు, పాత రైలు (కన్ను మూసి), చిన్న రోడ్లు, పెద్ద రోడ్లు, మెట్రో, పడవ దారులు, స్టేషన్లు, పేర్లు-తెలుగు, పేర్లు-రోమన్, చట్రం. పూర్తయిన లేయరుకి తాళం వేయండి. తీరరేఖ ఒక్కసారి చెయ్యి తగిలి జరిగిందంటే, జరిగిన సంగతి వారం తర్వాత గానీ తెలియదు.

తెలుగు, రోమన్ పేర్లు రెండు లేయర్లుగా ఎందుకంటే, అక్కడి స్టేషన్ బోర్డుల మీద ఉండేది రోమన్ లిపి. అత్తయ్య తెలుగు చదువుతుంది, పక్కనున్న మనవడు బోర్డుతో పోల్చుకోవాలి. ఇంటి కాపీలో రెండూ, గోడకి అంటించే కాపీలో తెలుగు ఒక్కటే.

ప్రతి వస్తువుకీ పేరు పెట్టండి. కంట్రోల్-షిఫ్ట్-ఓ నొక్కితే పేరు రాసే గడి వస్తుంది. "పాత్ 4817" అని ఉన్నదాన్ని "ఎం1" అని మార్చడానికి అయిదు సెకన్లు పడుతుంది. అందరూ బద్ధకించే పని ఇదే, తర్వాత అందరూ చింతించేదీ ఇదే.

రంగులకి "స్వాచ్" వాడండి. మెట్రో రంగుని స్వాచ్‌గా ఒకచోట నిర్వచించి, గీతకీ పట్టీకీ సూచికకీ అదే అంటగట్టండి. రేపు ప్రెస్సువాడు "ఈ రంగు అచ్చులో మురికిగా వస్తుందండీ" అంటే ఒక్కచోట మార్చితే అంతటా మారుతుంది.

స్టేషన్ గుర్తుకి క్లోన్లు (అసలుతో పాటే మారే నకళ్లు) వాడండి. తెల్ల వృత్తం, చుట్టూ రంగు అంచు. ఒక తల్లి గుర్తుని కాగితం బయట గీసి పెట్టుకుని, ఆల్ట్-డి నొక్కి ఎన్ని కావాలంటే అన్ని పిల్లల్ని చేయండి. తల్లిని పెద్దది చేస్తే పిల్లలన్నీ పెద్దవవుతాయి. తల్లిని మాత్రం చెరిపేయకండి. బంధం తెగి పిల్లలు దేనికవే విడి బొమ్మలైపోతాయి, మళ్లీ ఒక్కొక్కదాన్నీ దిద్దుకోవాలి.

కొందరు రోడ్లకి ముదురు అంచు, లోపల లేత రంగు ఇవ్వమంటారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ దానికోసం ప్రతి రోడ్డునీ రెండుసార్లు గీయాలి, మార్చేటప్పుడు రెండుసార్లు మార్చాలి. ఈ స్కేలులో లేత గోధుమ రంగు నేల మీద పెద్ద రోడ్డుకి 0.9 మి.మీ. నారింజ గీత, చిన్నదానికి 0.4 మి.మీ. బూడిద గీత చాలు.

ఏడో అడుగు: మెట్రో, బస్సు, పడవ

మెట్రోని స్టేషన్‌కో ముక్కగా కోయకండి. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ ఒక గీత, రోజ్ హిల్ నుంచి రెద్వీ ఇంకో గీత. స్టేషన్లు పైన వేరే లేయరులో. మెట్రో ఇంకో ఊరికి పెరిగితే గీత కొస మీద నోడ్ (చిన్న బిందువు) పట్టుకుని పొడిగించి, ఒక క్లోన్ పెట్టి, పేరు రాయడమే. పక్క పట్టీలో గీతని నిటారుగా, కొమ్మని 45 డిగ్రీల్లో విరవండి. ఎక్కడ బస్సు మారాలో చిన్న గుర్తు.

బస్సులే అక్కడి అసలు ప్రజా రవాణా. మెట్రో పోర్ట్ లూయిస్‌నీ మధ్య పీఠభూమి ఊళ్లనీ కలుపుతుంది తప్ప తీరమంతా బస్సులదే. పోర్ట్ లూయిస్‌లో రెండు బస్ స్టేషన్లుంటాయని తెలియక కొత్తవాళ్లు తికమకపడతారు: ఉత్తరం వైపు బస్సులకి ఇమిగ్రేషన్ స్క్వేర్, దక్షిణం వైపు బస్సులకి విక్టోరియా. మ్యాపులో ఈ రెండింటినీ ఒకే చుక్కగా పెట్టకండి. రాజధానికి చిన్న పెట్టె గీసి విడిగా చూపించండి. ఆ పెట్టెలోనే, ఇమిగ్రేషన్ స్క్వేర్‌కి పక్కనే, అప్రవాసి ఘాట్ ఉంది. ఒప్పంద కూలీలుగా భారతదేశం నుంచి వచ్చినవాళ్లు దిగిన మెట్లు. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అత్తయ్య అడిగిన చోటు అదే కాబట్టి దానికి నేను ఎర్ర గుర్తు పెట్టాను. మీరు ఏం పెడతారో మీ ఇష్టం.

బస్సు మార్గాలన్నీ గీయాలన్న ఆశ మానుకోండి. అన్నీ వేస్తే ద్వీపం సేమ్యా గిన్నెలా కనిపిస్తుంది. ముఖ్యమైన బస్ స్టేషన్లు, వాటి మధ్య రోజంతా తిరిగే దారులు చాలు. ప్లెజాన్స్ విమానాశ్రయం ఆగ్నేయ మూలన ఉంది, మెట్రో అక్కడిదాకా రాదు. మాయెబూర్ నుంచి క్యూర్‌పీప్ వైపు పోయే బస్సులు దాని మీదుగా వెళ్తాయి. దిగినవాడికి కావలసిన మొదటి సమాచారం అదే, కాబట్టి ఆ గీతని మిగతావాటికన్నా లావుగా గీయండి.

పడవల విషయం చిన్నదే. తూర్పు తీరంలో త్రూ దో దూస్ నుంచి ఇల్ ఓ సెర్ఫ్ అనే చిన్న ద్వీపానికి పడవలు పోతాయి. నీలి చుక్కల గీత సరిపోతుంది.

ఎనిమిదో అడుగు: దూరపు ద్వీపాలు

రోడ్రిగ్స్ ప్రధాన ద్వీపానికి తూర్పున 560 కిలోమీటర్లకి పైనే. మన స్కేలులో కాగితం మీద దాదాపు 2.8 మీటర్ల దూరంలో, అంటే గోడ అవతల, వస్తుంది. ఉత్తరాన అగలేగా వెయ్యి కిలోమీటర్లకి మించి ఉంది, అది ఇంటి పైకప్పు దాటుతుంది. కాబట్టి పెట్టెలు తప్పవు. రోడ్రిగ్స్ సుమారు 18 × 8 కిలోమీటర్లు, అదే స్కేలులో 90 × 40 మి.మీ. కింద మిగిలిన ఖాళీలో అచ్చంగా పడుతుంది. చోటుంది కదా అని పెద్దది చేయకండి. ఒకే స్కేలులో ఉంటేనే దాని చిన్నతనం అర్థమవుతుంది. తప్పక మార్చాల్సి వస్తే ఆ పెట్టెకి వేరే స్కేలు పట్టీ పెట్టి తీరాలి.

విమానం, ఓడ దారుల్ని చట్రం అంచుదాకా గీసి, బాణం పెట్టి, "రోడ్రిగ్స్, పోర్ట్ మాథురిన్" అని దిశ రాయండి. అగలేగాలో భారతదేశం కట్టిన కొత్త విమాన పట్టీ, జెట్టీ 2024 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. పాత మ్యాపు చూసి గీస్తే ఇవి తప్పిపోతాయి.

బ్రిటన్ చేతిలో ఉన్న, మారిషస్ తనవనే చాగోస్ దీవుల గురించి కూడా ముందే నిర్ణయించుకోండి. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ వాటి అప్పగింత ఒప్పందం మీద సంతకాలు చేశాయి. బస్సు, మెట్రో వెతుక్కునేవాడికి వాటితో పనిలేదు. కానీ మీ పటానికి "మారిషస్ దేశం" అని పేరు పెడితే ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే నేను "ప్రధాన ద్వీపం, రోడ్రిగ్స్" అని పేరులోనే హద్దు చెప్పేశాను.

తొమ్మిదో అడుగు: తెలుగు పేర్లు

ఉచ్చారణ నుంచి మొదలుపెడదాం. ఊళ్ల పేర్లు చాలామటుకు ఫ్రెంచివి, మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్. స్పెల్లింగు చూసి ఇంగ్లిషులా చదివితే బస్సు కండక్టరుకి అర్థం కాదు. కాబట్టి స్పెల్లింగుని కాక వినపడేదాన్ని రాయండి: కాత్ర్ బోర్న్, మాయెబూర్, త్రియోలే, సూయాక్. ముక్కుతో పలికే ఫ్రెంచి అచ్చులకి మనం వదిలేసిన అరసున్న భలేగా పనికొస్తుంది, "బో బాసాఁ" అని రాసి చూడండి. అత్తయ్య తడుముకోకుండా చదివింది. పోర్ట్ లూయిస్‌ని మాత్రం తెలుగు పత్రికలకి అలవాటైన రూపంలోనే ఉంచాను, ఫ్రెంచి పద్ధతిలో "పోర్ లూయీ" అంటే ఇక్కడివాళ్లు గుర్తుపట్టరు. ఎక్కడ అలవాటుకి, ఎక్కడ ఉచ్చారణకి పెద్దపీట వేశారో ఒక కాగితం మీద జాబితా రాసి పెట్టుకోండి. లేకపోతే ఒకే ఊరు మ్యాపులో ఒకలా, పట్టీలో ఇంకోలా వస్తుంది.

ఫాంట్ల సంగతి. మందలి, నోటో సాన్స్ తెలుగు చిన్న సైజులో కూడా చదవడానికి వీలుగా ఉంటాయి. రామభద్ర శీర్షికలకి బాగుంటుంది గానీ చిన్న అక్షరాల్లో ముద్దవుతుంది. రోమన్‌లో 7 పాయింట్లు చాలిన చోట తెలుగుకి కనీసం 8.5 ఇవ్వండి, తలకట్టు పైన, వత్తు కింద చోటు అడుగుతాయి. రెండు వరసల పేరైతే వరసల మధ్య దూరం 1.3 రెట్లకి తగ్గకూడదు. అక్షరాల మధ్య దూరం పెంచే అలంకారం రోమన్‌కి చెల్లుతుంది, తెలుగుకి చెల్లదు. పదం పళ్లూడినట్టు కనిపిస్తుంది. నది వంపు వెంట పేరు రాయాలంటే చాలా మెల్లని వంపు మీదే రాయండి, మెలిక తిరిగిన చోట వత్తులు అక్షరం నుంచి విడిపడి పక్కకి వంగుతాయి.

రోడ్డు మీద పడిన పేరు చదవాలంటే చుట్టూ తెల్లటి అంచు కావాలి. అక్షరాలకి 0.6 మి.మీ. తెల్ల గీత పెట్టి, స్ట్రోక్ స్టైల్‌లో "ఆర్డర్" దగ్గర గీత కింద, రంగు పైన ఉండేలా మార్చండి. పాఠ్యం పాఠ్యంగానే ఉంటుంది, రెండు కాపీలు అక్కర్లేదు.

ఇంక్‌స్కేప్ తెలుగు ఒత్తుల్ని సరిగ్గానే కూరుస్తుంది. ఇల్లస్ట్రేటర్ వాడేవాళ్లు మాత్రం పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల కంపోజర్ ఎంచుకోవాలి. లేదంటే "క్యూ" అనేది "క్ యూ" అని విరుగుతుంది.

పదో అడుగు: రెండు ఫైళ్లు, ఒక కృతజ్ఞత

ఒకసారి నేను మూలం ఫైలునే అచ్చుకి పంపాను. అక్కడి కంప్యూటర్లో మందలి లేదు. యంత్రం దానికి తోచిన ఫాంటు పెట్టుకుంది. క్యూర్‌పీప్‌లో వత్తు ఎగిరి ఫీనిక్స్ మీద పడింది, యాభై కాపీలు వృథా. తప్పు నాదే. అప్పటి నుంచి రెండు ఫైళ్లు. "మూలం" అనేదాంట్లో పాఠ్యం పాఠ్యంగా, క్లోన్లు క్లోన్లుగా, లేయర్లన్నీ బతికే ఉంటాయి. దాని నుంచి తీసిన "ప్రెస్" పీడీఎఫ్‌లో అక్షరాలన్నీ ఆకారాలుగా మారిపోయి ఉంటాయి. ఎగుమతి పెట్టెలో "పాఠ్యాన్ని పాత్‌లుగా" అన్నది ఎంచుకుంటే చాలు. ప్రెస్ ఫైలుని ఎప్పుడూ దిద్దకండి. మార్పు మూలంలో చేసి కొత్త పీడీఎఫ్ తీయండి.

తెరమీది రంగులు అచ్చులో మారతాయి, ముఖ్యంగా లగూన్ నీలం. ఒక ఏ4 ముక్క ముందు అచ్చు తీయించి చూసుకోండి.

చట్రం లేయరులో, చదవగలిగే సైజులో, "సమాచారం: © ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లు" అని రాయడం తప్పనిసరి, లైసెన్సు షరతు అది. మీరు గీసిన బొమ్మ మీదే. కానీ వాళ్ల డేటాని దిద్ది, ఆ దిద్దిన డేటాతో చేసిన మ్యాపుని పంచితే, ఆ డేటాని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఊళ్ల తెలుగు పేర్లు ఎలాగూ పోగుచేశారు కదా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే తెలుగు పేరు గడిలో నింపేయండి. తర్వాత వచ్చేవాడికి ఆ పని తప్పుతుంది.

చివరి పరీక్ష

ఫైలు ఎవరికైనా ఇచ్చే ముందు ఒక ఉత్తుత్తి స్టేషన్ కలిపి చూడండి. క్యూర్‌పీప్ తర్వాత గీతని ఒక సెంటీమీటరు లాగండి, క్లోన్ పెట్టండి, రెండు లిపుల్లో పేరు రాయండి, పట్టీలోనూ చేర్చండి, ప్రెస్ పీడీఎఫ్ తీయండి. పది నిమిషాల్లో అయిపోతే ఫైలు సిద్ధం. అరగంట పడితే ఎక్కడో ముక్కలు విడిగా ఉండిపోయాయి, నాలుగో అడుగుకి తిరిగి వెళ్లి వెతకండి.

పరీక్ష అయ్యాక ఆ స్టేషన్‌ని తీసేయడం మాత్రం మరచిపోకండి. మా అత్తయ్య దగ్గరున్న మొదటి కాపీలో క్యూర్‌పీప్ కింద "అత్తయ్యపేట" అని ఇప్పటికీ ఒక స్టేషన్ ఉంది. కొత్త కాపీ ఇస్తానంటే వద్దంటోంది.